బ్యాటరీ బాగుంది, వేడి మీద సెల్ఫ్ ఎత్తడం లేదు: టక్ అని ఒక్క చప్పుడు, అంతే

బీచ్‌రోడ్_వాసి:

విశాఖలో ఉంటాం. 2013 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు, మామూలు తాళం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది. అరగంట తిరిగి, ఎక్కడైనా ఆపి, పది నిమిషాల్లో మళ్ళీ తిప్పితే మాత్రం టక్ అని ఒక చప్పుడు. ఇంజిన్ కదలదు. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పి చూశాను, వెలుతురు ఏమాత్రం తగ్గడం లేదు. ఐదారుసార్లు తిప్పితే ఒకసారి పట్టుకుంటుంది, లేదంటే అరగంట చల్లారాలి.

బ్యాటరీ 35 ఏహెచ్, కొని ఎనిమిది నెలలు. ఆపి ఉంచినప్పుడు 12.58 వోల్టులు. షాపులో లోడ్ టెస్టర్ పెట్టి 15 సెకన్లు చూస్తే 10.4 దగ్గర నిలబడింది. టెర్మినళ్ళ మీద సుద్ద లేదు, బిగువుగానే ఉన్నాయి. ఒక మెకానిక్ సెల్ఫ్ మోటార్ మార్చమంటున్నారు, ఇంకొకరు ఇగ్నిషన్ స్విచ్ అంటున్నారు. మల్టీమీటర్ ఉంది. ముందు ఏది చూడమంటారు?

---

టార్క్‌రెంచ్:

బ్యాటరీని ఇక వదిలేయండి. లోడ్ మీద 9.6 కిందికి దిగకపోతే అది పాసైనట్టే.

మీరు రాసినదాంట్లో అసలు ఆనవాలు లైట్లు తగ్గకపోవడం. ఈ సైజు ఇంజిన్ని తిప్పడానికి సెల్ఫ్ మోటార్ సుమారు 100 నుంచి 150 యాంప్స్ లాగుతుంది, మొదటి కదలికలో ఇంకా ఎక్కువ. అంత కరెంటు పోతుంటే హెడ్‌లైటు ఎర్రబడి తీరాలి. మీ దగ్గర ఎర్రబడటం లేదంటే మోటార్‌కి కరెంటు వెళ్ళడమే లేదు. టక్ అన్నాక లైట్లు బాగా కుంగిపోయి ఇంజిన్ కదలకపోతే అది వేరే కథ: మోటార్ జామ్ అయి ఉండాలి, లేదా ఇంజినే బిగుసుకుని ఉండాలి. టకటకటకమని వరసగా కొట్టుకుంటే అది వోల్టేజ్ నిలబడకపోవడం. సొలెనాయిడ్ (సెల్ఫ్ మీదుండే, మోటార్‌కి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) లాగగానే వోల్టేజ్ పడిపోతుంది, వదిలేస్తుంది, వోల్టేజ్ మళ్ళీ లేస్తుంది, మళ్ళీ లాగుతుంది. మీది ఈ రెండూ కావు.

ఒక సంగతి చూసి చెప్పండి. ఆ టక్ ఎక్కడి నుంచి వస్తోంది? బండి వేడిగా ఉండి మొరాయిస్తున్నప్పుడే బానెట్ ఎత్తి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఇంకొకరిని తాళం తిప్పమనండి. చెయ్యి ఫ్యూజ్ బాక్స్ మీద ఉంచండి. స్టార్టర్ రిలే (తాళం తిప్పితే సొలెనాయిడ్‌కి కరెంటు పంపే చిన్న స్విచ్) చప్పుడు సన్నగా, పైనుంచి, వేలికి తగిలేలా ఉంటుంది. సొలెనాయిడ్ చప్పుడు బరువుగా ఠక్కుమని కింద గేర్‌బాక్స్ పక్క నుంచి వస్తుంది. డ్రైవర్ సీట్లో కూర్చున్నవాళ్ళకి రెండూ ఒకేలా వినిపిస్తాయి. చాలా సెల్ఫ్ మోటార్లు అనవసరంగా మారేది ఇక్కడే.

---

మానుకోట_మల్టీమీటర్:

టార్క్‌రెంచ్ అన్న చెప్పింది కరెక్టు. మీటర్ ఉందంటున్నరు కాబట్టి ఊహలతోటి పని లేదు, కొలవండి.

ముందు ఒక మాట. ఓమ్స్ పెట్టి కేబుల్ చూసి "జీరో వచ్చింది, బాగుంది" అనొద్దు. లావు కేబుల్ చివర 0.03 ఓమ్ తుప్పు ఉందనుకోండి, మామూలు మీటర్ దాన్ని పట్టదు, మీటర్ వైర్ల రెసిస్టెన్సే అంతకంటే ఎక్కువ. కానీ 150 యాంప్స్ పోయేటప్పుడు అదే 0.03 దగ్గర 4.5 వోల్టులు పోతయి. 12.5 ఉన్న బ్యాటరీ నుంచి మోటార్‌కి ఎనిమిదే అందుతది. అందుకే తాళం తిప్పి పట్టుకున్నప్పుడే వోల్టేజ్ ఎక్కడ రాలిపోతుందో చూడాలె. మీటర్ డీసీ 20 వోల్ట్స్ మీద పెట్టండి.

చూడాల్సిన చోట్లు నాలుగు. బ్యాటరీ రెండు పోస్టుల మధ్య ఎంత ఉందో ముందు రాసుకోండి. క్లాంప్ మీద కాదు, సీసం పోస్టు మీదనే ముల్లు పెట్టండి. తర్వాత ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ మీద లావు కేబుల్ బిగించిన బోల్టు దాక, అంటే 30 నంబర్ టెర్మినల్. మోటార్ తిరుగుతున్నప్పుడు ఇక్కడ 0.5 దాటొద్దు. మూడోది మైనస్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటార్ ఒంటి దాక, ఇది ఎర్త్ దారి, 0.2 దాటితే ఇంజిన్‌కి బాడీకి మధ్య ఉండే ఎర్త్ పట్టీ విప్పి గీకాలె. మీది సముద్రం పక్కన ఊరు, ఆ పట్టీ లగ్గు (చివర బోల్టుతోటి బిగించే రేకు) కింద చిలుము పట్టి ఉండే అవకాశం బాగా ఉంది. ఎర్త్ పట్టీ పోతే డాష్‌బోర్డు లైట్లు మాత్రం మంచిగనే వెలుగుతయి, ఎందుకంటే వాటి ఎర్త్ బాడీకి ఉంటది, ఇంజిన్‌కి కాదు.

నాలుగోది అందరూ మర్చిపోయేది: సొలెనాయిడ్ మీద సన్న వైరు, 50 నంబర్ టెర్మినల్. తాళం తిప్పితే కరెంటు వచ్చేది ఇక్కడికే. ఎర్ర ముల్లు దాని మీద, నల్ల ముల్లు సెల్ఫ్ ఒంటి మీద పెట్టి చూడండి. 10కి పైన ఉండాలె. ఎనిమిది దగ్గరికి దిగితే సొలెనాయిడ్ లాగుతదో లేదో దాని ఇష్టం.

మోటార్ తిరగకుంటే లావు కేబుల్, ఎర్త్ దార్లల్ల పెద్ద కరెంటే పోదు, డ్రాప్ దాదాపు సున్నా చూపిస్తది. దాన్ని చూసి కేబుళ్ళు మంచిగున్నయని తీర్పు చెప్పకండి. బండి చల్లగా ఉండి మోటార్ తిరుగుతున్నప్పుడు ఇంకోసారి కొలవండి. అప్పుడు ఇంజిన్ అంటుకోకుండ ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ పీకి పెట్టుకోండి.

తాళం రెండు మూడు సెకన్ల కంటే ఎక్కువ పట్టుకోవద్దు. సొలెనాయిడ్‌ల రెండు చుట్లు ఉంటయి, ఒకటి లాగేది, ఒకటి పట్టి ఉంచేది. లోపలి కాంటాక్టులు కలిస్తేనే లాగే చుట్టుకి కరెంటు ఆగుతది. కలవకుంటే అది కాలుతనే ఉంటది.

కింద దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్ని నమ్మొద్దు, స్టాండ్లు పెట్టండి. 30 నంబర్ బోల్టుకి ఎప్పుడూ కరెంటు ఉంటది, దానికీ బాడీకీ మధ్య స్పానర్ ఆనితే వెల్డింగే.

---

బీచ్‌రోడ్_వాసి:

ఇద్దరికీ థ్యాంక్స్ అండి. ఈ సాయంత్రం వేడి మీద మొరాయించినప్పుడు చూశాను. చప్పుడు ఫ్యూజ్ బాక్స్ లోంచే వస్తోంది! కింద సెల్ఫ్ దగ్గర ఏ శబ్దమూ లేదు. రిలే తీసి అదే నంబరున్న హారన్ రిలే పెట్టాను, తేడా లేదు.

తాళం స్టార్ట్‌లో పట్టుకున్నప్పుడు రీడింగులు:
బ్యాటరీ పోస్టుల మధ్య 12.2
ప్లస్ పోస్టు నుంచి 30 బోల్టు దాకా 0.01
మైనస్ పోస్టు నుంచి సెల్ఫ్ ఒంటి దాకా 0.05
50 వైరు నుంచి సెల్ఫ్ ఒంటి దాకా 7.8

50 వైరుది ఒకే రేకు ఉండే కనెక్టర్. రేకు మీద ముల్లు పెట్టే చూశాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు, సెల్ఫ్ ఇంజిన్ని తిప్పుతుండగా: ప్లస్ వైపు 0.22, ఎర్త్ వైపు 0.12.

---

గేర్‌బాక్స్_గుంటూరు:

ఇంకేముందండీ, తేలిపోయింది. 50 వైరుకి కరెంటు చాలడం లేదు. 30 యాంప్స్ రిలే ఇంకోటి కొని సెల్ఫ్ దగ్గర్లో బిగించేయండి. బ్యాటరీ ప్లస్ నుంచి 4 స్క్వేర్ ఎంఎం వైరు, మధ్యలో 30 యాంప్స్ ఫ్యూజ్, రిలే 30లోకి (కరెంటు లోపలికి వచ్చే కాలు). 87 (కరెంటు బయటికి పోయే కాలు) నుంచి సొలెనాయిడ్ 50కి. ఇప్పుడున్న 50 వైరు తీసి రిలే కాయిల్ ఒక కాలు 86కి, రెండో కాలు 85 ఎర్త్‌కి. రిలే కాయిల్‌కి పావు యాంపు కూడా అక్కర్లేదు కాబట్టి పాత వైరు ఎంత బలహీనంగా ఉన్నా పనిచేస్తుంది. ఏ ఆటో ఎలక్ట్రీషియన్ అయినా గంటలో చేసేస్తాడు.

---

మానుకోట_మల్టీమీటర్:

గుంటూరు అన్నా, ఆ పద్ధతి రిలే లేని పాత బండ్లకి. వాటిల్ల సొలెనాయిడ్ కరెంటు మొత్తం ఇగ్నిషన్ స్విచ్‌లకెళ్ళే పోతది, స్విచ్ కాంటాక్టులు కాలుతయి, అక్కడ ఎక్స్‌ట్రా రిలే పెట్టుడు న్యాయమే. ఈ బండికి కంపెనీ రిలే ఉన్నది, కొట్టుకుంటున్నది కూడా. ఆ దారిల ఎక్కడో ఒక జాయింటు నాలుగు వోల్టులు మింగుతున్నది. పైనుంచి కొత్త వైరు లాగితే ఆ జాయింటు లోపల అట్లనే కుళ్ళుతది, రేపు పాత వైరు పూర్తిగా తెగితే ఇద్దరు మెకానిక్‌లు కలిసినా సర్క్యూట్ అర్థం కాదు.

బీచ్‌రోడ్ గారూ, లెక్క చూడండి. బ్యాటరీ దగ్గర 12.2, సొలెనాయిడ్ దగ్గర 7.8. పోయింది 4.4. అందుల ఎర్త్ వాటా 0.05. మిగిలిన 4.35 ప్లస్ పోస్టుకి, 50 రేకుకి నడుమ రాలింది. ఆ దారిని ముక్కలు చేయండి. బ్యాటరీ ప్లస్ నుంచి రిలే సాకెట్ 30 దాక, రిలే 30 నుంచి 87 దాక, 87 నుంచి 50 వైరు కనెక్టర్ దాక, కనెక్టర్ నుంచి రేకు దాక. కనెక్టర్ వెనకనుంచి గుండుసూది దూర్చి కొలవచ్చు, వైరు తోలు గుచ్చొద్దు, ఆ చిల్లులకెళ్ళే మళ్ళ చిలుము మొదలైతది. రిలే కాంటాక్టు మీద 0.3 వరకు చూసీచూడనట్టు పోవచ్చు.

వేడి మీదనే ఎందుకు అంటే: రాగి ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం రెసిస్టెన్స్ పెంచుకుంటది. 30 డిగ్రీల నుంచి 100కి పోతే 27 శాతం. సొలెనాయిడ్ చుట్టుకి అదే వోల్టేజ్ ఇచ్చినా కరెంటు ఐదో వంతు తగ్గుతది, లాగే బలం అంతకంటే ఎక్కువ తగ్గుతది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 8 వోల్టులతోటి ఎట్లనో లాగింది, మధ్యాహ్నం లాగలేకపోయింది. ఇంజిన్ ఆపిన వెంటనే కాకుండ పది నిమిషాలకి మొరాయించేది కూడ అందుకే. బండి ఆగితే గాలి ఆగుతది, ఇంజిన్ సెగ అంతా పక్కనున్న సెల్ఫ్‌లకి దిగుతది.

---

ఎలుకలబోను:

నడుమ దూరినందుకు ఏమనుకోకండి. నాది ఉల్టా. సెల్ఫ్ జోరుగా తిరుగుతుంది, ఇంజిన్ అంటుకోదు. పెట్రోలు బండి, హైదరాబాద్, అపార్ట్‌మెంట్ సెల్లార్ పార్కింగ్. బ్యాటరీ కొత్తది. నిన్నటిదాకా ఏ ఇబ్బందీ లేదు.

---

టార్క్‌రెంచ్:

వేరే థ్రెడ్ పెట్టాల్సిందండీ, సరే. మీకు సెల్ఫ్ వైపు చూసే పనే లేదు. పైన రాసినదేదీ మీకు వర్తించదు.

సెల్లార్ పార్కింగ్ అన్నారు కాబట్టి ఎలుకలు వైర్లు కొరికాయేమో, ముందు బానెట్ ఎత్తి టార్చి వేయండి. ఇంజెక్టర్ల మీదుగా పోయే వైరింగు, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కి, క్యాబిన్‌కి మధ్య గోడ) మూల, ఎయిర్ ఫిల్టర్ డబ్బా లోపల చూడండి. పెంటికలు, కొరికిన ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే సగం సమాధానం దొరికినట్టే.

ఏమీ కనిపించకపోతే తాళం ఆన్‌లో పెట్టి, స్టార్ట్ చేయకుండా, వెనక సీటు వైపు చెవి పెట్టండి. ఫ్యూయల్ పంపు రెండు సెకన్లు గుర్‌మని ఆగాలి. ఆ చప్పుడు లేకపోతే పంపు ఫ్యూజ్, రిలే, ఆ తర్వాత పంపు. చప్పుడు ఉన్నంత మాత్రాన ప్రెషర్ ఉన్నట్టు కాదు, మామూలు పోర్ట్ ఇంజెక్షన్ బండిలో గేజ్ పెడితే 3 నుంచి 4 బార్ ఉండాలి. అదే సమయంలో డాష్‌బోర్డు మీటరులో తాళం బొమ్మ లైటు చూడండి. వెలిగి ఆరిపోతే సరే. అదేపనిగా మిణుకుతుంటే ఇమ్మొబిలైజర్ (దొంగతాళాలతో స్టార్టవ్వకుండా ఆపేది) తాళాన్ని గుర్తించడం లేదు. రెండో తాళంతో ప్రయత్నించండి. రిమోట్ సెల్లు మార్చితే బాగవుతుందని కొందరంటారు. మామూలుగా దూర్చి తిప్పే తాళంలో చిప్పుకి ఆ సెల్లుతో పని లేదు, స్విచ్ చుట్టూ ఉన్న కాయిలే దానికి కరెంటు ఇస్తుంది.

ఈ రెండూ బాగుంటే స్కానర్ తగిలించి సెల్ఫ్ తిప్పుతూ ఆర్‌పీఎం చూడండి. 200 నుంచి 300 మధ్య కనిపించాలి. సున్నా ఉంటే క్రాంక్ సెన్సర్ లేదా దాని వైరు. పి0335 కోడ్ పడి ఉండొచ్చు, పడకపోనూవచ్చు. క్రాంక్ సిగ్నల్ లేకపోతే ఈసీయూకి (ఇంజిన్ని నడిపే కంప్యూటర్‌కి) ఇంజిన్ తిరుగుతున్న సంగతే తెలియదు, స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ చిమ్మదు.

మీరు "జోరుగా" అన్న మాట దగ్గర ఆగాను. మామూలుగా కంప్రెషన్ వల్ల సెల్ఫ్ చప్పుడు ఊఁ-ఊఁ-ఊఁ అని దరువుతో వస్తుంది. దరువు లేకుండా మిక్సీలా ఒకే ఊపున, ఎప్పటికన్నా వేగంగా తిరుగుతుంటే టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు. అప్పుడు ఇంకొక్కసారి కూడా తిప్పకండి, చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగుతాయి.

దరువు బాగానే ఉండి, ప్లగ్గులు పెట్రోలుతో తడిసి ఉంటే యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కిపట్టి పది సెకన్లు తిప్పండి. అలా నొక్కితే చాలా బళ్ళలో ఈసీయూ పెట్రోలు ఆపేసి గాలి మాత్రమే పంపుతుంది. ఒకసారికి పది సెకన్లు మించొద్దు, మధ్యలో నిమిషం ఆగండి.

---

ఎలుకలబోను:

దరువు ఉందండి. ఆర్‌పీఎం ముల్లు అసలు కదలడం లేదు, ఇప్పుడే గమనించాను. గేర్‌బాక్స్ పైన ఒక వైరు ఇన్సులేషన్ ఊడి కనిపిస్తోంది. రేపు ఎలక్ట్రీషియన్ వస్తారు.

---

టార్క్‌రెంచ్:

చాలా ఇంజిన్లలో క్రాంక్ సెన్సర్ అక్కడే, ఫ్లైవీల్ దగ్గర ఉంటుంది. వైరు కలిపేటప్పుడు ఊరికే మెలిపెట్టి టేపు చుట్టనివ్వకండి. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ వేయించండి. ఆ వైరుకి పైన వెండి రేకు తొడుగులాంటిది ఉంటే దాన్నీ తిరిగి కప్పాలి, లేకపోతే ఇగ్నిషన్ గోల సిగ్నల్‌లోకి దూరుతుంది.

---

బీచ్‌రోడ్_వాసి:

దొరికిందండీ. ముక్కలుగా కొలిస్తే ఇలా వచ్చింది:
బ్యాటరీ ప్లస్ నుంచి రిలే సాకెట్ 30 దాకా 0.25
రిలే 30 నుంచి 87 దాకా 0.30
87 నుంచి కనెక్టర్ వెనక వైరు దాకా 0.40
ఆ వైరు నుంచి రేకు దాకా 3.40

అంటే అంతా ఆ ఒక్క రేకు కనెక్టర్‌లోనే. బ్యాటరీ మైనస్ తీసి, దాన్ని పీకి చూస్తే లోపల పచ్చగా చిలుము, ఆడ రేకు పెదవులు వదులై ఉన్నాయి. రబ్బరు మూత ఎప్పుడో చిరిగిపోయింది. ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళి ఓ అంగుళం వైరు కోయించాను. అక్కడ కూడా రాగి నల్లబడి ఉంటే ఇంకో అంగుళం కోయించి, కొత్త రేకు క్రింప్ చేయించి, మగ రేకుని ఎమరీతో రుద్దించాను. ఇప్పుడు సెల్ఫ్ ఇంజిన్ని తిప్పుతుండగా బ్యాటరీ 10.9, 50 రేకు దగ్గర 10.3. నాలుగు రోజులుగా వేడి మీద ఒక్కసారీ మొరాయించలేదు.

ఇంతకీ సెల్ఫ్ మోటార్ పన్నెండేళ్ళ పాతది కదా, అదీ మార్చేయమంటున్నారు ఎలక్ట్రీషియన్. మార్చాలా?

---

టార్క్‌రెంచ్:

మళ్ళీ మీటర్ తీయండి. సెల్ఫ్ ఇంజిన్ని తిప్పుతుండగా 30 బోల్టుకి, సొలెనాయిడ్ నుంచి మోటార్‌లోకి పోయే రెండో బోల్టుకి మధ్య ఎంత రాలుతోంది? అది లోపలి రాగి కాంటాక్టుల ఆరోగ్యం. 0.2 లోపు ఉంటే ముట్టుకోకండి. 0.5 దాటితే కాంటాక్టులు కాలాయి. కొన్ని సెల్ఫ్‌లకి కాంటాక్టులు, ప్లంజర్ విడిగా దొరుకుతాయి, మోటార్ మొత్తం మార్చనక్కర్లేదు. విప్పితే కార్బన్ బ్రష్‌ల పొడవు, బుష్‌లు చూడమనండి.

ముందుముందు ఎప్పుడైనా 50 దగ్గర పది వోల్టులు ఉండి, కింద సెల్ఫ్ దగ్గరే ఠక్కుమని, మోటార్ తిరగకపోతే అప్పుడు బ్రష్‌ల మీద అనుమానపడండి. చెక్క పిడితో మెల్లగా తడితే తిరిగిందంటే చాలావరకు బ్రష్‌లే. సుత్తితో బాదొద్దు. ఈ కాలం సెల్ఫ్‌లు చాలావాటిలో చుట్టు బదులు పర్మనెంట్ మాగ్నెట్లు ఉంటాయి, అవి పింగాణీలా పగులుతాయి.

---

బీచ్‌రోడ్_వాసి:

0.14 వచ్చిందండి.

---

మానుకోట_మల్టీమీటర్:

అయితే వదిలేయండి. ఆ రేకు మీద డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టి, కొత్త రబ్బరు మూత తొడగండి. గ్రీజు కరెంటు పారనీయదని భయపడకండి, రేకు గట్టిగా పట్టుకుంటే లోహం లోహాన్ని తాకే చోట గ్రీజు పక్కకి జరుగుతది, చుట్టూ ఉండి ఉప్పుగాలిని ఆపుతది. కనెక్టర్ నోరు కిందికి ఉండేట్టు వైరుని వంచి కట్టండి, చక్రం చిమ్మిన నీళ్ళు లోపల నిలవవు. ఎర్త్ పట్టీ 0.12 చూపించింది కదా, ఇప్పటికి పాసే, కానీ 0.2 ఎంతో దూరం లేదు. వానలు పడకముందే లగ్గు విప్పి, కింద బాడీ రేకు మెరిసేదాక గీకి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి.